రోడ్డువైపు తిరిగిన డబ్బా

ఒదిలోన్ రాయితో మేకును కొడుతుంటే దెబ్బదెబ్బకీ దవడ కలుక్కుమంటోంది. బడి వెనక కంచెగుంజకు ఖాళీ చేపల డబ్బా బిగిస్తున్నాడు. గెరేరో కొండల్లోని ఆ ఊళ్లో సిగ్నలు అందేది ఆ గుంజ దగ్గరే, అదీ ఫోను రోడ్డువైపు తిరిగి ఉంటేనే. ఎంతసేపని చెయ్యెత్తి పట్టుకుంటారు ఎవరైనా? అందుకే డబ్బా.

అతను కింద పట్నంలో బడుల ఆఫీసు బంట్రోతు. నెలాఖరుకు టీచర్లందరూ హాజరుపట్టీలు, మార్కులు ప్రతులు ప్రతులుగా రాసి, బస్సెక్కి ఆఫీసుకు మోసుకురావాలి. ఆ దారి తుపాకుల ముఠా చేతిలో ఉంది. నిరుడు తుపాకీ మడమతో ఒదిలోన్ దవడ విరగ్గొట్టారు. అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. మొన్న వానల్లో మకారియో మాస్టారిని జుట్టు పట్టి బస్సులోంచి ఈడ్చారు. లోయలో దొరికినప్పుడు ఆయన నోటినిండా హాజరుపట్టీలు కుక్కి ఉన్నాయి. వాటిని బయటికి లాగింది ఒదిలోనే. అప్పట్నుంచి, పై అధికారి ప్రాణం తోడి ఒప్పించి, కాగితాన్ని ఫోటో తీసి పంపడం బడిబడికీ తిరిగి నేర్పుతున్నాడు.

మిగిలింది ఎఫిహేనియా టీచరమ్మ ఒక్కతే. ఇవాళ నెలాఖరు. కాగితాల కట్ట చంకన పెట్టుకుని మధ్యాహ్నం బస్సుకు తయారుగా ఉంది. మహా మొండి ఘటం. ఆవిడకు భయం లేకపోవడమే అతని భయం.

"ముద్ర లేనిదీ ఒక కాగితమేనా? నీ చేపల డబ్బాలో పడేస్తే పట్నం పోతుందా?" అని వెక్కిరించింది.

"ఒక్కసారి పంపి చూడండి టీచరమ్మా. అందలేదంటే నేనే బస్సెక్కిస్తా."

మొదటి ఫోటోలో సగం ఆవిడ బొటనవేలే. అతను విసుక్కోకుండా మళ్లీ తీయించాడు. ఫోను డబ్బాలో నిలబెట్టారు. చాలాసేపటికి అన్నీ వెళ్లాయి. ఆవిడ మూతి తిప్పింది గానీ కళ్లు మెరిశాయి. జవాబు వచ్చాక మాట్లాడదాంలే అంటూ ఫోను జేబులో వేసుకుంది.

బస్సు కంటే ముందు ముఠా లారీ వచ్చింది. నాయకుడు గుంజను కాలితో తన్నాడు.

"మా దారి మీద ఈ నిఘా కన్ను ఎవడు పెట్టాడ్రా?"

టీచరమ్మ నోరు తెరవబోయింది. ఒదిలోన్ ఆవిడ మణికట్టు పట్టి వెనక్కి నెట్టాడు.

"నేనే అయ్యా. ఈవిడకేం తెలీదు. బడి కాగితాలు పంపడానికి పెట్టా."

వాళ్లు నవ్వారు. మళ్లీ ఆ దవడ మీదే తుపాకీ మడమ పడింది. పళ్లు దుమ్ములో రాలాయి. కింద పడేసి డొక్కల్లో తన్నారు. టీచరమ్మ కాగితాల కట్టతో ఒకడి మొహం మీద బాదింది. వాడు ఆవిడను కంచె మీదికి విసిరాడు. బడిలో పిల్లలు బల్లల కింద దూరారు. ఒదిలోన్ గుంజ పట్టుకుని ఎలాగో లేచాడు. నాయకుడు తొందరేమీ లేకుండా కాల్చాడు. అలిసిపోయిన మనిషిలా ఒదిలోన్ గుంజకు జారగిలి కూర్చున్నాడు. లారీ వెళ్లిపోయింది.

టీచరమ్మ పాకుతూ వచ్చి అతని తల ఒళ్లో పెట్టుకుంది. సాయం కోసం జేబులోంచి ఫోను తీసి రోడ్డువైపు ఎత్తింది. అప్పుడు అది మోగింది. నెత్తుటి వేళ్లతో తెరిచి, అతనికి వినపడేలా చదివింది.

"అన్నీ చేరాయి టీచరుగారూ. ఇక మీరు కిందికి రానక్కర్లేదు."

ఇంకోసారి చదివింది. ఈసారి వినడానికి అతను లేడు. బస్సు వచ్చి, హారను కొట్టి, ఆవిడ కోసం కాసేపు ఆగి వెళ్లిపోయింది.

గుంజకు డబ్బా అలాగే ఉంది, రోడ్డువైపే తిరిగి, అడుగున ఒక తూటా చిల్లుతో.