నాలుగో చుక్క

హెల్విని చంపింది చిత్తడినేల కాదు, కన్నపిల్లల బద్ధకం. ఆమె మొగుడు తౌనో ఈ విషయం ఎవరితోనూ వాదించలేదు. వాదించడానికి అందులో ఏమీ లేదని అతని నిశ్చయం.

మూడేళ్ళ కిందట వేసవి సెలవులకు వచ్చినప్పుడు కూతురు సాతు తన పాత ఫోను తల్లి చేతిలో పెట్టింది. సాతుదీ, తమ్ముడు యార్మోదీ ఒకే రకం ఫోన్లు. ఆ రకం ఉన్నవాళ్ళు ఒక కుటుంబంగా చేరితే, ఎవరెక్కడున్నారో పటం మీద చుక్కల్లా కనిపిస్తారు. ఔలు నగరంలో సాతు, కయానీలో యార్మో, అడవి అంచు ఊళ్ళో హెల్వి. హెల్వి మురిసిపోయింది. పొయ్యి దగ్గర నిలబడి, యార్మో ఆఫీసు నుంచి బయల్దేరాడనీ, సాతు కొట్లో ఉందనీ మొగుడికి వార్తలు చదివేది.

తౌనోది ఇంకో రకం ఫోను. ఊరి కొట్లో కొన్నది, చవకది, గట్టిది. దానికి ఆ కుటుంబంలో చోటు లేదు.

"నన్నూ చేర్చండిరా" అన్నాడు తౌనో కాఫీ బల్ల దగ్గర.

"నీ ఫోను మా జాతిది కాదు నాన్నా. నిన్ను కలుపుకుంటే మా పరువేం కాను?" అన్నాడు యార్మో.

అందరూ నవ్వారు. తౌనో కూడా నవ్వాడు. రెండు రకాల ఫోన్లలోనూ పనిచేసేది వేరే ఉందనీ, ఈసారి వచ్చినప్పుడు అందరికీ అదే పెడతాననీ యార్మో చెప్పాడు. క్రిస్మస్‌కి వచ్చాడు, ఈసారి అన్నాడు. నడివేసవి పండక్కి వచ్చాడు, ఆవిరిస్నానం చేశాడు, సరస్సులో ఈదాడు, సాసేజీలు కాల్చుకు తిన్నాడు, మళ్ళీ ఈసారి అన్నాడు. తండ్రి రెండుసార్లు అడిగి మానుకున్నాడు. ఒక మనిషిని బయట నిలబెట్టడానికి ద్వేషం అక్కర్లేదు, వాయిదా చాలు. చదువుతున్నవారు తమ ఇంట్లో ఎవరు పటం మీద లేరో ఒకసారి చూసుకోవాలి.

ఆ ప్రాంతంలో హిల్లా పళ్ళు కాసే చోటు ఎవరూ ఎవరికీ చెప్పరు. చిత్తడినేలలో ఏడాదికి రెండు మూడు వారాలు మాత్రమే దొరికే ఆ పసుపుపచ్చని పళ్ళ జాగా తల్లి నుంచి కూతురికి వస్తుంది. అన్న తమ్ముడికి చెప్పడు, పెళ్ళాం మొగుడికి చెప్పదు. పెళ్ళయి నలభై ఒక్క ఏళ్ళయినా హెల్వి వెళ్ళే చోటు తౌనోకు తెలియదు. కారులో అడవిదారి చివరి దాకా దింపేవాడు. ఆమె ఎటు నడుస్తుందో చూడకుండా తల తిప్పుకునేవాడు. అదే మర్యాద. రెండేళ్ళుగా ఆమెకు అప్పుడప్పుడు కళ్ళు తిరుగుతున్నాయని, వచ్చేదాకా కారులోనే కూర్చుని ఉండేవాడు. పిల్లలకు ఈ సంగతి తెలుసు.

ఈ ఏడు ఆగస్టు మొదట్లో ఒక రోజు కారు మరమ్మతుకు వెళ్ళింది. పళ్ళు ఆగవు. హెల్వి సైకిలు తీసింది. రేపు వెళ్దువుగానిలే అని తౌనో అన్నాడు.

"రేపటికి కొంగలు తినేస్తాయి. పిల్లలు నన్ను చూస్తూనే ఉంటారు, నువ్వు హాయిగా పడుకో" అని ఫోను చూపించి ఎనిమిదింటికి వెళ్ళిపోయింది.

పదింటికి ఆమె చుక్క ఆగింది. సాతు పదకొండున్నరకు భోజనం దగ్గర చూసింది. రెండింటికి చూసింది. నాలుగింటికీ చూసింది. యార్మో ఒంటిగంటకు చూశాడు. ఇద్దరూ ఫోను చెయ్యలేదు. హిల్లా కోసేవాళ్ళకు ఫోను చెయ్యకూడదు. మోగితే దగ్గర్లో తిరిగేవాళ్ళకు జాగా తెలిసిపోతుంది. పైగా నాన్న కారులో ఉన్నాడని వాళ్ళ ధీమా. పటం మీద లేని మనిషి ఎక్కడ ఉండాలనుకుంటే అక్కడ ఉన్నట్టే అనుకోవచ్చు. పిల్లలు చూస్తున్నారని తౌనో ధీమా. మధ్యాహ్నం నుంచి వాన పడుతూనే ఉంది.

అయిదింటికి అతను సాతుకు ఫోను చేసి, అమ్మ ఎక్కడుందని అడిగాడు.

"అక్కడే ఉంది నాన్నా, పొద్దుట్నుంచీ కదల్లేదు. పళ్ళు బాగా దొరికినట్టున్నాయి. నీకు కారులో విసుగొచ్చిందా?"

"నేను ఇంట్లో ఉన్నాను."



తరవాత అన్నీ కంగారుగా జరిగాయి. సాతు పటం పంపింది. అది తౌనో ఫోనులో తెరుచుకోలేదు, రహస్యపదం అడిగింది. అతను పక్కింటి వెయిక్కోను పిలుచుకొచ్చి అతని కారెక్కాడు. సాతు అంబులెన్సును పిలిచి, మళ్ళీ తండ్రికి ఫోను చేసి దారి నోటితో చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో ఆగి, గొంతు తగ్గించి, "వెయిక్కో బాబాయి కూడా చిత్తడి దాకా వస్తున్నాడా?" అని అడిగింది.

జాగా బయటపడుతుందని ఆమె భయం. తల్లి వానలో పడి ఉండగా కూతురికి పళ్ళు గుర్తొచ్చాయి. ఆమె తరవాత ఎంత ఏడ్చినా, ఆ గొంతు తగ్గించడాన్ని తౌనో క్షమించలేదు.

చుక్క ఉన్నచోట పైన్ చెట్టు కొమ్మకు ఒక సంచి వేలాడుతోంది. ఫోను అందులో ఉంది. రోజంతా పిల్లలు చూసింది సంచిని. హెల్వి నలభై అడుగుల అవతల, నాచు దిబ్బల మధ్య చల్లటి నీళ్ళలో పడి ఉంది. తుంటి విరిగింది. పెదవులు నీలంగా ఉన్నాయి.

"పళ్ళు ఒలికిపోయాయా?" అంది.

"లేదు" అన్నాడు తౌనో. అన్నీ ఒలికిపోయాయి.

మూడో రోజు ఆసుపత్రిలో పోయింది. మధ్యాహ్నానికల్లా తెచ్చి ఉంటే బతికేదని డాక్టరు మెల్లగా చెప్పాడు.

అంత్యక్రియల తరవాత చర్చి హాల్లో అందరూ కాఫీ తాగుతున్నారు. యార్మో తండ్రి ఫోను అడిగి తీసుకుని, కిటికీ దగ్గర కాసేపు కూర్చుని తిరిగి తెచ్చాడు.

"ఇప్పుడు నువ్వు కూడా కనిపిస్తావు నాన్నా. అందరికీ పెట్టేశాను."

"ఎంతసేపు పట్టింది?"

"ఎంతసేపో ఏముంది, ఒక నాలుగు నిమిషాలు..." అని యార్మో మాట మింగేశాడు.

తౌనో గొంతు పెంచలేదు.

"నాలుగు నిమిషాలు. మూడేళ్ళు ఎదురుచూశాను."

సాతు మొహం కప్పుకుంది. ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసిన లెంపి అతని పక్కనే కూర్చుంది. ఆమె ఎవరి మొహమాటమూ చూసే మనిషి కాదు.

"పిల్లల్ని అన్నావు, బాగుంది. నువ్వేం చేశావు తౌనో? నలభై ఒక్క ఏళ్ళు దాని పక్కన పడుకున్నావు. ఎక్కడికెళ్తున్నావే అని ఒక్కసారైనా అడిగావా?"

తౌనో ఆమె వైపు తిరిగాడు. ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు, రాలేదు.

"అడగలేదు" అన్నాడు. "మర్యాద అనుకున్నాను. వీళ్ళు ఫోనుకు వదిలేశారు, నేను వీళ్ళకు వదిలేశాను. ఎక్కడుందో ముగ్గురం తెలుసుకోవాలనుకున్నాం, ఎలా ఉందో ఒక్కరమూ అడగలేదు. మనిషిని చూడ్డం అంటే పటం చూడ్డం కాదు. ఫోను చేసి ఎలా ఉన్నావని అడగడం, పలక్కపోతే లేచి వెళ్ళడం. ఇంటిల్లిపాదినీ కలపలేనిది ఏదైనా సరే, దాన్ని కుటుంబం అనకండి."

సాతు ఏదో చెప్పబోయింది. అతను చెయ్యెత్తి ఆపాడు.

"అయిపోయింది. ఇవాళ అన్నాను. చచ్చేదాకా ఈ మాట మళ్ళీ నా నోట రాదు, నా ముందు మీరూ ఎత్తొద్దు."