పద్నాలుగో పేజీ

ఇది అక్కయ్య అనుమతి తీసుకునే రాస్తున్నాను. గతంలో తీసుకోలేదు. గొడవంతా అక్కడే మొదలైంది.

మా విశ్వవిద్యాలయంలో మనుషుల మీద ఏ పరిశోధన చేయాలన్నా ముందు నైతిక సంఘం ఒప్పుకోవాలి. తొమ్మిదేళ్లుగా ఆ సంఘానికి నేనే కార్యదర్శిని. దరఖాస్తులో చుక్క తప్పినా వెనక్కి పంపేవాణ్ణి. పరిశోధకులు నాకు ‘మళ్లీ రండి’ అని పేరు పెట్టారు. అది తిట్టని తెలిసి కూడా లోలోపల మురిసిపోయేవాణ్ణి.

ఏటా కొత్త పరిశోధకులకు ఒక పాఠం చెప్పేవాణ్ణి. పాల్గొనే మనిషికి అన్నీ విప్పి చెప్పి, ఆ మనిషి ఇష్టపడి ఒప్పుకున్నాకే సంతకం తీసుకోవాలన్నది దాని సారం. శ్రోతలు కునికిపాట్లు పడేచోట ఒక పిట్టకథ వదిలేవాణ్ణి. “ఒకావిడ, రిటైరైన లెక్కల టీచరు. నిద్రమాత్రల పరిశోధనలో చేరింది. ఇరవై రెండు పేజీల అంగీకార పత్రం చేతికిస్తే, పార్సిల్ అందుకున్నట్టు టక్కున సంతకం పెట్టేసింది.” పార్సిల్ అందుకోవడం నటించి మరీ చూపించేవాణ్ణి. హాలంతా నవ్వేది.

ఆవిడ మా అక్కయ్య. సంతకం సంగతి నాకు ఆసుపత్రి నర్సు చెప్పింది. అది నేను వినకూడని సంగతే. కానీ పేరు బయటపెట్టలేదు కాబట్టి తప్పు లేదని నాకు నేనే తీర్పు ఇచ్చుకున్నాను.

ఈ ఏడు ఆ పాఠానికి మా సంఘంలోకి సామాన్యుల తరఫున కొత్తగా వచ్చిన దర్జీ ఆవిడ కూడా వచ్చింది. ప్రశ్నలుంటే అడగమన్నాను. ఆమె లేచింది.

“సార్, ఆవిడ సంగతి ఇక్కడ చెప్తున్నట్టు ఆవిడకి తెలుసా?”

“పేరు చెప్పలేదు కదమ్మా.”

“పేరెందుకండీ? లెక్కల టీచరు, నిద్ర పట్టదు. ఆవిడ బట్టలు నేనే కుడతాను. మీ అక్కగారే కదా.”

హాలు మళ్లీ నవ్వింది. నేను ఏడుసార్లు దరఖాస్తు తిప్పి పంపిన పరిశోధకురాలు అందరికన్నా ఆలస్యంగా నవ్వు ఆపింది.

సాయంత్రం తల వంచుకుని అక్కయ్య ఇంటికెళ్లాను. ఆమె బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. సంగతంతా చెప్పి క్షమించమన్నాను.

“చెప్తే చెప్పావులే. చదవకుండా పెట్టానని ఎవరన్నార్రా?”

“నర్సు.”

“ఆ అమ్మాయి ఎదురుగా చదవలేదంతే. ముందురోజే కాగితాలు ఇంటికిచ్చారు. మూడుసార్లు చదివాను, ముక్క అర్థం కాలేదు. చివర్లో చూస్తే తయారుచేసింది నువ్వని ఉంది. అర్థం కాలేదంటే నీ పరువు పోతుందని సంతకం గీకేశాను.”

అక్కయ్య చీర మడత తిప్పింది.

“పైగా ఆ మాత్రలకి తల దిమ్ముగా ఉండేది. అయినా ఆరు వారాలూ వెళ్లొచ్చాను.”

“డాక్టరుకి చెప్పలేదా?”

“వాళ్లేదో పెద్ద పని చేసుకుంటుంటే మధ్యలో నా తల గొడవెందుకని ఊరుకున్నా.”

“మానేయాల్సింది కదక్కా.”

“సంతకం పెట్టాక ఎలా మానేస్తాం?”

“ఎప్పుడైనా మానేయొచ్చని రాసుంది. పద్నాలుగో పేజీలో.”

ఆమె ఇస్త్రీపెట్టె ఆపి, లోపలికెళ్లి పత్రం తెచ్చి, కళ్లజోడు పెట్టుకుని పైకి చదివింది. “పాల్గొనువారు ఏ దశయందైనను ఎట్టి పర్యవసానములును లేకుండ తమ భాగస్వామ్యమును ఉపసంహరించుకొనుటకు హక్కు కలిగియుందురు.” తలెత్తి నా వంక చూసింది. “ఇదేనా?”

“ఇదే.”

“నువ్వు మామూలుగా బానే మాట్లాడతావుగా. చేతికి కలమొస్తే ఏమవుతుందిరా నీకు?”

అన్ని పరిశోధనలకూ వాడమని నేనే తయారుచేసిన నమూనా పత్రంలోది ఆ వాక్యం. అది రాసిన రోజు నాకు గుర్తుంది. మా ఆవిడను పిలిచి చదివి వినిపించాను. బాగుందంటూనే ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. దాన్ని మెప్పు అనుకున్నాను.

మర్నాడు సంఘం అధ్యక్షుడికి నా మీద నేనే ఫిర్యాదు రాసిచ్చాను. ఆయన చదివి, “ఇది మాత్రం అర్థమయ్యేలా రాశారే” అన్నాడు. అక్కయ్యను అడిగి, ఆమె సంగతి ఆ నిద్రమాత్రల పరిశోధన నడిపే డాక్టరుకు తెలియజేశాం. విడతలవారీగా ఇంకా సాగుతున్న ఆ పరిశోధనలో ఉన్న ముప్పై ఒక్క మందికీ ఆయన ఫోన్లు చేశాడు. మరో నలుగురికి అదే తలదిమ్ము. అప్పటిదాకా ఎవరూ నోరు విప్పలేదు. వాళ్లకు మాత్రలు ఆపించారు. తొమ్మిదేళ్లు కామాలు వెతికిన నా కంటికి ఆ నలుగురూ ఆనలేదు.

తర్వాత దర్జీ ఆవిడ, అక్కయ్య, నేను మూడు మధ్యాహ్నాలు కూర్చుని పత్రం తిరగరాశాం. దర్జీ ఆవిడ కత్తిరించమన్నచోటల్లా అక్కయ్య ఎర్ర పెన్నుతో కొట్టేసింది. ‘ఎట్టి’ అన్న మాట ఒక్కటైనా ఉంచమని బతిమాలాను. వాళ్లు వినలేదు. ఇరవై రెండు పేజీలు మూడుకు వచ్చాయి. మొదటి వరసలోనే ఇలా ఉంది: “మీకు ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయొచ్చు. ఎందుకని ఎవరూ అడగరు. ఒంట్లో ఏ మాత్రం తేడాగా ఉన్నా వెంటనే చెప్పండి.”

నెల తిరక్కుండానే ఆ డాక్టరు నా గదికి వచ్చాడు.

“మీ కొత్త కాగితం చదివి ఇద్దరు మానేశారండీ.”

“చదివారన్నమాట” అన్నాను.

దాని మీద ఇంకో గంభీరమైన వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.