ఖాళీ జీపు పొగ

మంగళవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, కొండ మీది నీటిమట్టం కేంద్రానికి చెందిన డీజిల్ జీపు పొగ పరీక్షలో తప్పింది. పరిమితి 2.5. యంత్రం చూపించింది 4.1.

పరీక్ష చేసే ఉద్యోగి సైలెన్సర్ గొట్టంలోంచి కడ్డీ బయటికి లాగి, దాని కొనను గుడ్డతో తుడిచాడు. గుడ్డ నల్లబడింది.

"పెద్దాయనా, ఇది జీపా, బొగ్గు రైలింజనా?"

"బండి మంచిదేనండీ. రోజూ తుడుస్తాను."

"పైపైన తుడిస్తే ఏం లాభం? శుక్రవారం సాయంత్రం అయిదింటి దాకా టైముంది. మళ్ళీ తప్పిందంటే రిజిస్ట్రేషన్ రద్దు. ఆ తర్వాత నన్ను తిట్టుకోకండి."

జీపు నడిపేది కేంద్రంలో ఉండే ఒకే ఒక్క ఉద్యోగి. వయసు యాభై ఆరు. పందొమ్మిదేళ్ళుగా వాగులో నీటి మట్టం కొలుస్తున్నాడు. శాఖలో అందరూ ఆయన్ని కొలబద్ద అంటారు. జీపు రద్దయితే ఏం జరుగుతుందో చెబుతూ పై ఆఫీసు నుంచి ఉత్తరం అప్పటికే వచ్చింది. కొత్త బండి ఇవ్వరు. కొండ మీద తనంతట తానే మట్టం నమోదు చేసే పెట్టె ఒకటి బిగిస్తారు. ఆయన్ని ప్రధాన కార్యాలయంలోని రికార్డు గదికి పంపుతారు.

ఆ గదిని ఆయన ఒకసారి చూశాడు. తాను నెలనెలా పంపిన రిజిస్టర్ల కట్టలు గోడ పక్కన వరసగా ఉన్నాయి. వాటిలో ఒక్క కట్టకు కూడా, తాను వేసిన ముడి ఎవరూ విప్పలేదు. అక్కడ తనకు పనేమిటని గుమాస్తాను అడిగితే, "చెదలు పట్టకుండా చూసుకోవడం" అన్నాడు.

పదకొండున్నరకు జీపు మెకానిక్ షెడ్డుకు చేరింది. షెడ్డు నడిపేది నలభై దాటిన మనిషి. తండ్రి పోయాక ఆవిడే చూసుకుంటోంది. ట్రాక్టర్లు, జనరేటర్లు, కొండ దారుల్లో తిరిగే బళ్ళు ఆవిడ దగ్గరికే వస్తాయి.

"ఏంటి బాబాయ్, సబ్బు బిళ్ళ కొనడానికి తప్ప దిగవు కదా కొండ?"

"పొగ, అమ్మా. 4.1."

"4.1 పొగ కాదు బాబాయ్, కాటుక."

ఆ రోజు ఆవిడ ఎయిర్ ఫిల్టర్ మార్చింది. బుధవారం నాలుగు నాజిళ్ళూ విప్పి పరీక్షించింది. డీజిల్ సన్నటి తుంపరగా పడాలి. ఒకటి ధారగా కారుస్తోంది. దాన్ని మార్చింది. డీజిల్ పంపు సీలు చూసింది. ఎవరూ కదపలేదు. సాయంత్రం ఆక్సిలరేటర్ తొక్కి చూశారు. షెడ్డు వెనక గోడ మీద నల్లటి మచ్చ పడింది. తగ్గిన మాట నిజమే కానీ చాలినంత తగ్గలేదు.

ఆ రెండు రాత్రులూ ఆయన బస్టాండు పక్క లాడ్జిలో పడుకున్నాడు. వాగు మట్టం రాయవలసిన నాలుగు గళ్ళు రిజిస్టరులో ఖాళీగా ఉన్నాయి. పందొమ్మిదేళ్ళలో గడి ఖాళీగా ఉండడం అదే మొదలు. ఎందుకు రాయలేదని పై ఆఫీసు నుంచి ఎవరూ అడగలేదు.

గురువారం ఉదయం మెకానిక్ చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, రేడియేటర్ పైగొట్టం మీద అరచెయ్యి పెట్టి నిలబడింది. ఇంజిన్ వేడెక్కే దాకా ఆ గొట్టంలోకి నీళ్ళు రాకూడదు. వాటిని ఆపడానికి లోపల థర్మోస్టాట్ అని చిన్న బిళ్ళ ఉంటుంది. గొట్టం మొదటి నిమిషం నుంచే గోరువెచ్చగా ఉంది. ఆవిడ ఇంజిన్ ఆపి, మూత రెండు బోల్టులు విప్పింది. లోపల బిళ్ళ లేదు.

"దీన్ని ఎవరు పీకారు?"

ఆయన మూత వైపు చూశాడు. "మేమే."

"మేమంటే?"

పన్నెండేళ్ళ కిందటి మాట. అప్పుడు కేంద్రంలో ఆరుగురు ఉండేవారు. ఆరుగురూ, ఒక పడవా, ప్రవాహం కొలిచే యంత్రమూ జీపులో ఎక్కితే ఎండాకాలం ఎక్కుడులో నీళ్ళు మరిగిపోయేవి. బిళ్ళ తీసేస్తే మరగడం ఆగింది. ఏడేళ్ళ కిందట పడవతో కొలవడం మానేశారు. అయిదుగురిని వెనక్కి పిలిచారు. బిళ్ళ సంగతి ఎవరికీ గుర్తు లేదు.

"ఇప్పుడు రోజూ ఎంత దూరం తిప్పుతావు?"

"పైగేజీకి, అదే, వాగు ఎగువన ఉన్న కొలత స్తంభానికి, రెండు కిలోమీటర్లు. మళ్ళీ వెనక్కి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి."

"ఏ గేరు?"

"రెండో గేరు. ఇరవై దాటను. బండికి దెబ్బ తగలకూడదని."

ఆవిడ స్పానర్ బల్ల మీద పెట్టింది. "ఏడేళ్ళుగా ఈ ఇంజిన్‌కి ఒళ్ళు వెచ్చబడలేదు బాబాయ్. చల్లటి ఇంజిన్‌లో డీజిల్ పూర్తిగా మండదు. ఆ మసంతా గొట్టంలో పేరుకుంది. నువ్వు ముద్దు చేసి పాడు చేశావు. కొత్త బిళ్ళ వేస్తాను. రేపు బండి నిండా బరువేసుకుని, మూడో గేరులో, ఘాట్ రోడ్డు మీద నలభై కిలోమీటర్లు తొక్కు. మసి దానంతటదే కాలిపోతుంది."

"బరువంటే?"

"ఇంట్లో వాళ్ళని ఎక్కించుకో. అందరూ అలా తిరిగొచ్చినట్టూ ఉంటుంది."

ఆయన సరేనన్నాడు.

షెడ్డు బయటికి వెళ్ళి, పాత డ్రైవరుకు ఫోన్ చేశాడు. కేంద్రంలో అందరూ అతన్ని బావా అనేవారు. అతనూ అందరినీ బావా అనేవాడు.

"బావా, రేపు ఖాళీనా?"

"ఎవరు?"

"కొలబద్దని."

"ఓరి నీ! బతికే ఉన్నావా? నేను ఎప్పుడూ ఖాళీయే. నా నడుమే ఖాళీ లేదు, రోజంతా నొప్పి."

"జీపు ఎక్కాలి. ఊరికే కూర్చుంటే చాలు. నలభై కిలోమీటర్లు."

"ఎందుకు?"

"బరువు కోసం. అప్పుడు మనం పీకిన బిళ్ళ వల్ల బండికి మసి పట్టింది, కాల్చాలి."

అవతల నవ్వు వినిపించింది. "ఏడేళ్ళకు గుర్తొచ్చానని సంబరపడ్డాను. బస్తా కావాల్సి వచ్చి ఫోన్ చేశావా!"

"మీ అయిదుగురూ వస్తే మూడొందల యాభై కిలోలు అవుతుంది. నువ్వొక్కడివే ఎనభై రెండు."

"అప్పటి లెక్క పట్టుకున్నావు. ఇప్పుడు అరవై మూడు. అయిదుగురెక్కడ బావా? ఇద్దరేమో వేరే ఊళ్ళలో ఉన్నారు. పడవ నడిపేవాళ్ళు ఇద్దరూ పోయారు."

"ఎప్పుడు?"

"ఒకడు పోయిన ఏడాది. ఇంకొకడు అంతకు ముందు. నీకు చేశాం, ఫోన్ కలవలేదు. కొండ మీద కదా."

ఆయన ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"వస్తాలే," అన్నాడు డ్రైవరు. "పొద్దున తొమ్మిదింటికి షెడ్డు దగ్గరుంటాను. ఆ బిళ్ళ నువ్వు పీకావు, నేను టార్చి పట్టుకున్నాను. పాపంలో సగం నాది."

శుక్రవారం ఉదయం ఎనిమిదీ యాభైకి ఫోన్ మోగింది. మాట్లాడింది డ్రైవరు కోడలు. "మామయ్య చొక్కా తొడుక్కుని తయారయ్యారండీ. మెట్టు దగ్గర నడుం పట్టేసింది. మంచం మీదున్నారు. మీకు చెప్పేదాకా ఊరుకోనన్నారు."

"పర్వాలేదమ్మా. పడుకోమను."

మెకానిక్ షెడ్డు తలుపులు పూర్తిగా తెరిచి, జీపు వైపు చూసింది. ముందు సీటు, వెనక బెంచీలు ఖాళీగా ఉన్నాయి.

"ఏరీ?"

"ఇవాళ కుదరలేదమ్మా."

"నేను రానా? యాభై ఎనిమిది కిలోలు. ఇంట్లో ఇంకా ఎక్కువే అంటారు."

"నీకు పనుంటుంది కదా."

ఆవిడ ఇంజిన్ విప్పి పెట్టిన ట్రాక్టరు వైపు తిరిగింది. "ఉంటుంది," అంది.

షెడ్డులో యాభై లీటర్ల క్యాన్లు ఏడు ఉన్నాయి. గొట్టంతో నీళ్ళు నింపడానికి నలభై నిమిషాలు పట్టింది. వెనక బెంచీల మధ్య ఆరు పెట్టి తాడుతో కట్టారు. ఏడోది ముందు సీట్లో పెట్టి, సీటు బెల్టు వేశారు. మొత్తం మూడొందల యాభై కిలోలు.

పదిన్నరకు జీపు బయల్దేరింది. ఘాట్ రోడ్డు మీద పన్నెండు కిలోమీటర్ల దాకా పొగకు అద్దంలో వెనక రోడ్డు కనిపించలేదని ఆయన తర్వాత మెకానిక్‌కు చెప్పాడు. వెనక వచ్చిన లారీ డ్రైవరు హారన్ కొట్టి, దాటుతూ ఏదో తిట్టాడు. ఆయన చెయ్యెత్తి క్షమాపణ చెప్పాడు. ఇరవయ్యో కిలోమీటరు దగ్గర టెంపరేచర్ ముల్లు మధ్య గీత మీదికి వచ్చి నిలబడింది. ముల్లు అక్కడికి రావడం ఆయన ఏడేళ్ళలో చూడలేదు. పొగ బూడిద రంగుకు మారి, ఆ పైన పలచబడింది. కానీ నలభై కిలోమీటర్లు పూర్తయ్యాక బండి ఆపి ఆక్సిలరేటర్ తొక్కితే ఇంకా నల్లగానే వచ్చింది. ఆయన డీజిల్ పోయించుకుని, అదే దారిని మళ్ళీ ఎక్కాడు. మధ్యాహ్నం భోజనం చేయలేదు.

నాలుగూ ముప్పై ఆరుకు జీపు పరీక్షా కేంద్రం గేటు దాటింది.

"పెద్దాయనా, నీళ్ళ వ్యాపారం పెట్టారా?" అన్నాడు ఉద్యోగి.

"బరువు కోసమండీ."

"బరువుతో పరీక్ష చెయ్యకూడదు. దించండి. త్వరగా. అయిదింటికి మిషన్ ఆగిపోతుంది."

నిండిన క్యాను ఒక్క మనిషి దించలేడు. చుట్టూ చూస్తే, లైన్లో ఉన్న డ్రైవర్లు ఎవరి బళ్ళలో వాళ్ళు అద్దాలెత్తుకుని కూర్చున్నారు. ఆయన ఎవరినీ పిలవలేదు. ఇంజిన్ ఆపకుండానే వెనక్కెక్కి, క్యాన్లు ఒక్కొక్కటే వంచి నీళ్ళు పారబోశాడు. నీళ్ళు జీపు వెనక నుంచి ఆవరణలోకి, అక్కడి నుంచి కాలవలోకి పోయాయి. ఏడో క్యాను ఖాళీ అయ్యేసరికి నాలుగూ యాభై ఒకటి. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసింది.

ఉద్యోగి కడ్డీని గొట్టంలో పెట్టి, ఆక్సిలరేటర్ నాలుగుసార్లు చివరిదాకా తొక్కాడు. మొదటిది లెక్కలోకి రాదు. తర్వాతి మూడు: 2.6, 2.4, 2.2. సగటు 2.4.

"గట్టెక్కారు," అన్నాడు. "ఏడాది దాకా మీ మొహం చూపించకండి."

కాగితం మీద స్టాంపు వేసిన సమయం నాలుగూ యాభై ఎనిమిది.

కొండ కింద చెక్‌పోస్టు రిజిస్టరులో ఆ సాయంత్రం కాపలాదారు రాసిన వరస ఇది: ఆరూ ఇరవై, జీపు, పైకి, మనుషులు ఒకరు.