గోడకు అవతలి కాపలా

కొత్తగా లేత్ మిషన్ కొనబోయేవాణ్ణి, అంతకుముందే కొన్నవాడి దగ్గరకు తీసుకుపోయి చూపించడం మదనపల్లి మిషన్ల వ్యాపారి రామమూర్తికి అలవాటు. "నా మాట నమ్మొద్దప్పా. వాడతాండే వాణ్ణి అడుగు" అనేవాడు. ఇంతకంటే న్యాయమైన బేరం ఉంటుందా అని మీకూ అనిపిస్తుంది. పుంగనూరు మునికృష్ణకూ, అతని భార్య రేఖకూ అలాగే అనిపించింది.

అది 1997వ సంవత్సరం. రామమూర్తి వాళ్ళిద్దరినీ కురబలకోటలో కదిరప్ప షెడ్డుకు తీసుకుపోయాడు. ఇనుప కడ్డీ గిర్రున తిరుగుతూ ఉంది, దాని మీద ఉలి నడుస్తుంటే వెండి తీగల్లాగా ఇనుప సుళ్ళు రాలుతున్నాయి. మునికృష్ణ చిన్నపిల్లవాడిలాగా చూస్తూ నిలబడిపోయాడు. పదేళ్ళుగా ఇంకొకరి షాపులో కూలికి చేసిన పని, ఇక సొంత షాపులో చేసుకోబోతున్నాడు.

రేఖ చంకలో ఆరునెలల బిడ్డ దీప. ఎనిమిదో తరగతిలోనే బడి మానిపించినా, అడగవలసింది అడిగే గుణం ఆమెను వదలలేదు.

"అన్నా, మిషను ధర కాకుండా ఇంకేమన్నా తగలతాదా?"

కదిరప్ప ఒకసారి రామమూర్తి ముఖం చూశాడు. తర్వాత మిషను తుడుస్తూ, "ఏముంటాదమ్మా? పెట్టుకుంటే నడస్తాది" అన్నాడు.

ఆ మాట మీద మిషను కొన్నారు.

మిషను లారీలో వచ్చింది. దాన్ని నేల మీద ఊరికే నిలపకూడదనీ, మోకాలి లోతు గొయ్యి తీసి కాంక్రీటు పోయాలనీ లారీ వచ్చాక తెలిసింది. ఇంటికి ఉన్న కరెంటుతో అది తిరగదనీ, త్రీఫేజు లైను కావాలనీ, దానికి రెండు స్తంభాలు తామే వేయించుకోవాలనీ కాంక్రీటు ఆరాక తెలిసింది. కడ్డీని పట్టుకునే చక్కు, ఉలులు విడిగా కొనాలని కరెంటు వచ్చాక తెలిసింది. ఒక్కొక్కటి తెలిసినప్పుడల్లా రామమూర్తి ఆశ్చర్యపోయేవాడు. "ఇది కూడా తెలీదా అప్పా నీకు? మిషనంటే ఇయన్నీ ఉంటాయి గదా!" పదేళ్ళు పనిచేసినవాడు తెలియదని ఎలా ఒప్పుకుంటాడు? మునికృష్ణ సిగ్గుపడి తల ఊపేవాడు. రేఖ మెడలోని గొలుసు అలా తల ఊపడంలోనే పోయింది.

అయితే పెద్ద తప్పు వాళ్ళ చేతులతో వాళ్ళే చేశారు. మునికృష్ణ తల్లి నాగరత్నమ్మ వాస్తు అడిగి వచ్చింది. బరువు నైరుతి మూల ఉండాలట. గేరు పెట్టె ఉండే బరువైన కొసను నైరుతి మూలలో పడమటి గోడకు ఆనించి బిగించారు. రామమూర్తి అక్కడే ఉన్నాడు. పూజ చేసిన పొంగలి రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. "మంచి జాగా తల్లీ, లక్ష్మి యాడికీ పోదు" అని చెప్పి బస్సెక్కాడు.

నెల తిరిగాక సదుం రైతు ఒకాయన బోరు మోటారు షాఫ్టు తెచ్చాడు. పది అడుగుల పొడవు. అంత పొడుగు కడ్డీని గేరు పెట్టెలోని బోలు గొట్టంలో దూర్చి, అవతలి కొసను వెనకకు వదలాలి. వెనక గోడ ఉంది! మునికృష్ణ కూలికి చేసిన షాపులో ఇంత పొడుగు పని ఎప్పుడూ రాలేదు. ఈ మెట్టసీమలో షాపు బతికేది బోరు పనుల మీదే. మిషను జరపాలంటే కాంక్రీటు పగలగొట్టి మళ్ళీ పోయాలి. రామమూర్తికి ఫోను చేస్తే, "జరపొచ్చప్పా, మా మేస్త్రీని పంపిస్తా" అని కూలి చెప్పాడు. అప్పటికే వాళ్ళ చేతిలో ఏమీ లేదు.

పడమటి గోడకు కన్నం కొట్టారు. నైరుతి గోడ పగిలిందని నాగరత్నమ్మ మూడు రోజులు అన్నం తినలేదు.

ఆ కన్నం అవతల సందు. పిల్లలు ఆడుకునే సందు, మేకలు తిరిగే సందు. లోపల షాఫ్టు తిరిగినప్పుడల్లా దాని కొస ఆ సందులోకి నాలుగు అడుగులు పొడుచుకొచ్చి గిర్రున తిరిగేది. అక్కడ ఎవరో ఒకరు కాపలా నిలబడాలి. ఎవరు నిలబడతారు? రేఖే. పొయ్యి మీద అన్నం దించి, చంకన బిడ్డతో పరిగెత్తి వచ్చి, ఎండలో, వానలో, "ఓరేయ్, ఈ పక్కకు రావాకండ్రా!" అని అరుస్తూ నిలబడేది. ఒకరోజు ఆమె కొంగు కొస కడ్డీకి చుట్టుకుంది. పాత చీర కాబట్టి సర్రున చిరిగింది. కొత్తదైతే మనిషినీ, చంకలోని బిడ్డనూ లాగేసి ఉండేది. ఆ రోజు నుంచి రేఖ రామమూర్తి పేరు మరిచిపోలేదు. బియ్యం చెరిగేటప్పుడు, నీళ్ళు తోడేటప్పుడు కూడా ఆ పేరును పళ్ళ కింద నమిలేది. "ఒకదినం రాకపోతాడా నా గడపలోకి" అనుకునేది.

ఆరేళ్ళు గడిచాయి. దీప బడిలో చేరింది. పక్కనున్న బిడ్డతో మాట్లాడినా సందు చివరికి వినిపించేటట్టు అరిచేది. టీచరమ్మ రేఖను పిలిపించి, "మెల్లగా మాట్లాడటం నేర్పించమ్మా" అంది. ఆ బిడ్డకు మాటలు వచ్చిందే మిషను మోతలో అని రేఖ ఎవరికి చెప్పుకుంటుంది?

2003లో మిషను మోటారు కాలిపోయింది. ఇరవై రోజులు షాపు మూత. అప్పుడు వచ్చాడు రామమూర్తి. ఊరికే రాలేదు, పెద్ద మోటారు తెచ్చి తన మనిషితో బిగించాడు.

"దుడ్డు నిదానంగా ఇద్దువులే మునికృష్ణా. ఇయ్యాల కుప్పం నుంచి మునిరాజనీ, వాళ్ళింటామె వస్తాండారు. రెండు మిషన్ల బేరం. అడిగితే ఒక్క మంచి మాట సెప్పు, సాలు."

మునికృష్ణ భార్య వైపు చూశాడు. "సెప్దాములేమ్మే. మనకేం పోతాది? షాపు తెరుసుకుంటాది" అన్నాడు మెల్లగా.

రేఖ లోపలికి పోయింది. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, కాఫీ కాచింది. రామమూర్తికి రెండు చెంచాల చక్కెర ఎక్కువ వేసింది.

మునిరాజు కుప్పంలో గ్రానైటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. భార్య శాంతకుమారి చంకలో బిడ్డ. మిషను తిరుగుతుంటే మునిరాజు కళ్ళు ఆరేళ్ళ కిందటి మునికృష్ణ కళ్ళలాగే మెరిశాయి. శాంతకుమారి రేఖ పక్కకు వచ్చింది.

"అక్కా, మిషను ధర కాకుండా ఇంకేమన్నా తగలతాదా?"

రామమూర్తి కాఫీ ఊదుకుంటూ నవ్వాడు. "అడుగమ్మా, బాగా అడుగు. వాడతాండే మనుషులు గదా."

రేఖ శాంతకుమారి చేయి పట్టుకుంది. "రా సెల్లీ, సూపిస్తా. లోపల్నుంచి చూస్తే కనపడదు." షాపు చుట్టూ తిప్పి సందులోకి తీసుకుపోయింది. గోడలోంచి షాఫ్టు పొడుచుకొచ్చి తిరుగుతూ ఉంది. దాని పక్కన, ఆరేళ్ళు తొక్కి నున్నగా అయిన నేల మీద, ఆమెను బిడ్డతో సహా నిలబెట్టింది.

"ఈడ నిలబడు. కొంగు బిగించుకో. రేపట్నించీ నీ జాగా ఇదే. ఈ జాగాకు ఆయప్ప ధర సెప్పినాడా నీకు?"

శాంతకుమారి నిప్పు తగిలినట్టు వెనక్కి జరిగింది. లోపలి నుంచి మగవాళ్ళు పరిగెత్తి వచ్చారు.

"ఏందిమ్మా ఈ నాటకం!" రామమూర్తి గొంతు లేచింది.

"నాటకం నీదప్పా! మిషను గోడకానిస్తాంటే నీకు తెలీదా? నువ్వీడనే ఉండావే! నోట్లో పొంగలి పెట్టుకోని యాల నోరు మూసుకున్నావు? మేము పగలగొట్టి మళ్ళా కట్టుకుంటే నీ మేస్త్రీకి కూలొస్తాదనా? పునాది సెప్పలే, కరెంటు సెప్పలే, చక్కు సెప్పలే. సిగ్గుతో అడగలేరని తెలిసే గదా సెప్పలే? నా బిడ్డ ఈ కడ్డీకి సుట్టుకోని ఉంటే దాన్నీ విడిగా కొనుక్కోమందువా?"

సందులో జనం పోగయ్యారు. రామమూర్తి ముఖం నల్లబడింది. "మునికృష్ణా, నీ పెండ్లాం నోరు మూయించు. లేదంటే మోటారు ఇప్పుకోని పోతా."

మునికృష్ణ లోపలికి పోయాడు. స్పానరు తెచ్చి రామమూర్తి చేతిలో పెట్టాడు. "ఇప్పుకో అన్నా. నేను ఆరేళ్ళు మూసుకునిందే సాలు."

మోటారు విప్పి ఆటోలోకి ఎక్కించేంతవరకు రేఖ నడుముకు కొంగు బిగించి అక్కడే నిలబడింది. రామమూర్తి నుదుటి మీద చెమట చూసి ఆమెకు కొంచెం కూడా జాలి కలగలేదు. "చక్కు మరిసిపోయినావప్పా. ఓ, అది విడిగా గదా!" అంది. సందంతా నవ్వింది. మునిరాజు దంపతులు ఆ ఆటో ఎక్కలేదు, బస్సుకు పోయారు.

రేఖ అంతటితో ఆగలేదు. మిషను ధర కాకుండా తమకు తగిలినవన్నీ ఆ కన్నం పక్కనే గోడ మీద రంగుతో, పెద్ద అక్షరాలతో రాసింది. చివరి వరుసలో 'సందులో కాపలాకు ఒక మనిషి' అని రాసింది. రామమూర్తి మళ్ళీ పుంగనూరుకు కొనేవాళ్ళను తీసుకురాలేకపోయాడు.

రెండు నెలలు మునికృష్ణ మళ్ళీ కూలికి పోయాడు. ఆ రెండు నెలలు ఇంట్లో పాలు లేవు. పగ తీర్చుకోవడానికీ ధర ఉంటుంది, దాన్ని దాచడం కూడా న్యాయం కాదు. ఒకరోజు, ఆ గోడ మీది రాత సంగతి విని, కురబలకోట నుంచి కదిరప్ప టెంపోలో తన మోటారు వేసుకుని వచ్చాడు. షెడ్డు మూసేశాడట.

"ఆ దినం నువ్వడిగితే అబద్ధం సెప్పినానమ్మా. నాకు చూపించినోడూ అబద్ధమే సెప్పినాడు. మోసపోయినానని ఊరికి తెలిస్తే తలెత్తుకోలేనని... ఇది పెట్టుకో. దుడ్డొద్దు."

రేఖ మోటారును చూసింది, ఆయన తెల్లబడ్డ గడ్డాన్ని చూసింది.

"మోటారు తీసుకుంటా అన్నా. మన్నించినానని మాత్రం అనుకోవద్దు. మొదట నువ్వూ పోయి నీ షెడ్డు గోడ మీద రాయి."

కదిరప్ప తల ఊపాడు. ఆ సాయంత్రమే కురబలకోటలో రోడ్డు పక్క గోడ మీద సున్నం ఆరకముందే అక్షరాలు పడ్డాయి.

చేతిలో నాలుగు డబ్బులు పడ్డాక మునికృష్ణ పాత కాంక్రీటు పగలగొట్టి మిషనును గోడ నుంచి జరిపాడు. కన్నం మూసేస్తానంటే రేఖ ఒప్పుకోలేదు. కొత్త షాపు పెట్టాలని ఎవరొచ్చినా, ముందు వాళ్ళ ఆడవాళ్ళను ఆ సందులోకి తీసుకుపోయి, కన్నం ముందు నిలబెట్టి చెప్పేది:

"ధర దాచినోడు ఒకసారే మోసం చేస్తాడు. ఆ మోసాన్ని సిగ్గుతో మనం దాచినామా, మన తర్వాత వచ్చేవాళ్ళందర్నీ మోసం చేసేది మనమే."