జమానత్ రుచి

రోజూలాగే రాబియా ఇబ్రహీంపట్నం మార్కెట్‌లో గోనెపట్టా పరిచి, కూరగాయలు కుప్పలు పోసి, నీళ్లు చల్లి కూర్చుంది. బోణీ కాకముందే ఎదురింటి నిర్మల ఏడ్చుకుంటూ వచ్చింది. ఆమె మొగుడు కొండల్ ఆటో నడుపుతాడు. ఎత్తు మీద ఆటో జారకుండా టైరు కింద పెట్టడానికి ఒక వెంచర్‌లో హద్దురాయి పీకాడు. వెంచర్ ఓనరు పోయిన రాళ్లన్నీ అతని నెత్తినే వేసి కేసు పెట్టాడు.

"జడ్జి బెయిలిచ్చిండక్కా. పైసలన్న కట్టాలంట, లేకుంటే ఎవరన్న జమానత్ ఉండాలంట. పైసలేడికెల్లి తేవాలె?"

పక్కనే తక్కెడ సర్దుతున్న రాబియా భర్త లాల్ మహమ్మద్ అడ్డుపడ్డాడు. "పైసలైతే పోతే పోతయ్. మనిషికి జమానతంటే వాడు చేసేటియన్ని నువ్వు మొయ్యాలె."

"పైసల్లేనోడు లోపలనే కూసోవాల్నా మరి?" అంటూ రాబియా, జమానత్‌కు కోర్టులో చూపాల్సిన ఇంటిపన్ను రశీదు తేవడానికి లేచింది.

కోర్టు గుమాస్తా సంతకం చేయించుకుంటూ, అందరికీ చెప్పేదే ఆమెకూ చెప్పాడు. "ఇయ్యాల్టి సంది ఆయన తిన్నది నీ నాలుకకు తెలుస్తది, నువ్వు తిన్నది ఆయనకు. కేసు కొట్టేసేదాంక అంతే. మళ్ల నాకు చెప్పలేదనొద్దు."

రాబియా తలూపింది. ఊళ్లో జమానత్ ఉన్నవాళ్లందరికీ జరిగేదే కదా.

మొదట్లో బాగానే ఉంది. చద్దన్నం తింటుంటే నోట్లో మిర్చిబజ్జీ రుచి తగిలేది. లాల్ మహమ్మద్ కుళ్లుకునేవాడు. కానీ ఓ మధ్యాహ్నం నోరు పుక్కిలించి, కాళ్లూ చేతులూ కడిగి వుజూ చేసుకుని నమాజుకు నిలబడగానే ఆమె నోటినిండా కల్లు. మర్నాడు నేరుగా ఆటో స్టాండుకు పోయింది.

"పుట్టి బుద్ధెరిగినంక కల్లు ముట్టలే. అల్లా ముంగట నిలవడితే నోట్లె కల్లు పోస్తవారా?"

కొండల్ చెవులు పట్టుకున్నాడు. "తప్పయిందక్కా, ఇగ తాగ. గని పొద్దుగాల్నే నువ్వేసుకునే ఆ చేదు షుగరు గోలీ ఉన్నది చూడు, నా పాణం తీస్తుంది."

అన్నమాట ప్రకారం కల్లు మానేశాడు. తీరా కోర్టులో పేషీ రేపనగా, ఈసారి లోపలేస్తారని స్టాండులో ఎవరో భయపెట్టారు. ఆటో ఇంటిముందే వదిలి, ఫోన్ బందు పెట్టి మాయమయ్యాడు.

నిర్మల మార్కెట్‌కు ఉరికొచ్చింది. రాబియా కళ్లు మూసుకుని నోరు చప్పరించి చూసింది. "చాపల ఫ్రై. ఎల్లిపాయకారం మస్తు దట్టించిండ్రు. సాగర్ డ్యాం దిక్కు పోయిండు."

"నేను చెప్పలే?" అన్నాడు లాల్ మహమ్మద్. "రేపు వాని జాగల నువ్వు నిలవడు."

రాబియా కుప్పలోంచి ఒక ముదురు కాకరకాయ తీసి, పచ్చిదే కసుక్కున కొరికింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నీకు గూడ చేదే గదక్కా!" అంది నిర్మల.

"నాకూ చేదే. జమానతంటే గదే."

రెండో కాకరకాయకు చేపల రుచి పారిపోయింది. తర్వాత సోడా వచ్చింది, బెల్లం వచ్చింది, మీఠా పాన్ వచ్చింది. పాపం, అక్కడ వాడు దొరికిందల్లా నోట్లో వేసుకుంటున్నాడు. రాబియా నములుతూనే ఉంది. బేరాలకొచ్చినవాళ్లు అడగకుండానే సంగతి గ్రహించి, కాకరకాయలు ఆమెకే వదిలేసి బెండకాయలు తీసుకున్నారు.

సాయంత్రానికి ఫోన్ మోగింది. "అక్కా, నీ కాళ్లు మొక్కుత. బస్సెక్కిన. ఇగ ఆపు!"

"ఈడ దిగినంక ఆపుత," అని ఇంకో ముక్క కొరికింది.

మర్నాడు కోర్టు తలుపులు తెరిచేసరికి కొండల్ అందరికంటే ముందు నిలబడి ఉన్నాడు. జడ్జి పేరు పిలవగానే పలికాడు. వెంచర్ ఓనరును ఎన్నిసార్లు పిలిచినా ఎవరూ పలకలేదు. కిందటి పేషీలకూ అతను రాలేదు. జడ్జి విసుగెత్తి కేసు కొట్టేశాడు. కొండల్ లేకుంటే వారంటు వచ్చి ఉండేది.

"ఆ ఓనరు కోసం కాకరకాయ నమిలేటోళ్లు ఎవ్వరు లేకపాయె," అన్నాడు లాల్ మహమ్మద్, పెళ్లాం ముఖం చూడకుండా.

ఆ పూట ఇంట్లో రాబియా కూర కలుపుకుని ముద్ద పెట్టుకుంది. ఉత్త తన కూర రుచే. ఇంకో ముద్ద పెట్టుకుని ఆగింది. జర ఫికరైంది. ఎడమచేత్తో ఫోన్ అందుకుంది.

"తిన్నవారా?"