డొంకదారిలో ఎమ్మెల్యే

ఎమ్మెల్యే అయ్యేనాటికి రోహిణికి ఇరవై తొమ్మిదేళ్ళు. అంతకుముందు నరసరావుపేట కోర్టులో జూనియర్ లాయరు. నిజానికి ఆ టికెట్టు ఆమె బాబాయి కోటయ్యకు రావలసింది. నల్లకుంటపాడులోనూ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ పార్టీ అంటే ఆయనే. కాని ఆయన మీద కేసులున్నాయి. పైవాళ్ళు చదువుకున్న ముఖం కావాలన్నారు. "అయితే మా అమ్మాయి ఉంది" అన్నాడు కోటయ్య. ఆయనకు పిల్లలు లేరు. అన్నా వదినా పోయాక రోహిణిని పెంచి చదివించింది ఆయనే.

ఎండాకాలమంతా ఆమెను జీపు మీద నిలబెట్టి ఊరూరూ తిప్పాడు. జూన్‌లో ఆమె గెలిచింది.

గెలిచిన రోజు నుంచీ చుట్టూ జనమే. శాలువాలు, బొకేలు, సెల్ఫీలు. పొద్దున్నే కాఫీ తాగుతుంటే ఎదురుగా నలుగురైదుగురు అర్జీలు పట్టుకుని నిలబడి ఉండేవాళ్ళు. మీరూ తాగండి అంటే "పర్లేదు మేడం" అనేవాళ్ళు. అసెంబ్లీలో వెనక వరసలో సీటిచ్చారు. పక్క సీటాయన పెద్దవాడు; సభ నడుస్తున్నంతసేపూ ఫోను చూసుకునేవాడు, విరామంలో లేచి తన జిల్లావాళ్ళ దగ్గరకు వెళ్ళిపోయేవాడు. క్యాంటీన్‌లో ఒక్కతే కూర్చుని తిని, మళ్ళీ వెళ్ళి కూర్చునేది. రోజంతా ఇంతమంది మనుషుల మధ్య ఉండి కూడా రాత్రి పడుకోబోతే, తాను ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదని అనిపించేది.

దసరా వెళ్ళాక ఒకరోజు ముస్కాన్ ఆఫీసుకొచ్చింది. లా కాలేజీలో ఇద్దరూ ఒకే గది. కోర్టులో ఒకే బల్ల. ఒక డబ్బాలో అన్నం ఇద్దరూ తినేవాళ్ళు. రోహిణి ఆమెను చూడగానే లేచి ఎదురెళ్ళింది. ముస్కాన్ రెండు చేతులూ జోడించింది.

"నమస్తే మేడం."

"ఏందే ఇది? నన్ను మేడం అంటావా?"

"ఇంతమంది ముందు ఇంకేమనమంటావు?" అంది ముస్కాన్ చిన్నగా. నవ్వలేదు. "పని మీద వచ్చా. నల్లకుంటపాడు వాళ్ళు నా క్లయింట్లు."

రోహిణికి అర్థమైంది. లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది.

ఫలితాలొచ్చిన వారంలోనే నల్లకుంటపాడులో ఎదుటి పార్టీకి పనిచేసిన ఇళ్ళ మీద కోటయ్య మనుషులు పడ్డారు. కొందరి కాళ్ళూ చేతులూ విరిగాయి. పాతిక కుటుంబాల దాకా కట్టుబట్టలతో ఊరు వదిలాయి. ఇప్పుడు చిలకలూరిపేటలో పత్తి జిన్నింగు మిల్లుల వెనక షెడ్లలో ఉంటున్నాయి. వాళ్ళ పొలాలు బీడు పడ్డాయి. పత్తి అదును పోయింది, మిరప అదును పోయింది. శనగ ఒక్కటి మిగిలింది.

"స్టేషన్‌లో అడిగితే అసలు ఊరొదిలి ఎవరూ పోలేదన్నారు" అంది ముస్కాన్. "కోర్టు తేల్చేసరికి ఈ అదును కూడా పోద్ది. నీకు తెలీకుండా ఉంటదా?"

రోహిణికి తెలుసు. ఎవరినీ అడగలేదు, అంతే.

మర్నాడు ఆమె చిలకలూరిపేట వెళ్ళింది. షెడ్ల మధ్య దూది దుమ్ము మంచులా ఎగురుతోంది. కారు ఆగగానే ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. చివరికి ఒక ముసలామె బయటికి వచ్చింది. పేరు వెంకటరమణమ్మ. ఆమె కొడుకు హర్ష లోపల మంచం మీద ఉన్నాడు. విరిగిన కాలు ఇంకా సరిగా అతుక్కోలేదు.

"నువ్వు కోటయ్య కూతురివి కాదూ?"

"అన్న కూతుర్ని, పెద్దమ్మా. మిమ్మల్ని ఊరికి తీసుకుపోదామని వచ్చా."

ముసలామె ఆమెను కిందికీ మీదికీ చూసింది. "తీసుకుపోతావులే. పోలీసోళ్ళు వస్తారు. పేపరోళ్ళు ఫొటో తీసుకుంటారు. నువ్వు కారెక్కి పోతావు. ఆ తర్వాత మాకు ఎవరు దిక్కు?"

"నేనుంటాను."

"ఎక్కడ? నరసరావుపేటలోనా?"

"మీ ఇంట్లో" అంది రోహిణి. ఆ మాట అనాలని ఆమె ముందుగా అనుకోలేదు. అన్నాక వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

నరసరావుపేటలో బాబాయి ఇంటికి వచ్చేసరికి కోటయ్య భోజనం చేస్తున్నాడు. కబురు ముందే అందింది. ఆమెను చూసి తల ఎత్తలేదు.

"కూర్చో అమ్మడూ. అన్నం తిను."

"బాబాయ్, వాళ్ళని తీసుకొస్తన్నా."

ఆయన ముద్ద కలపడం ఆపాడు. "మీ నాన్న యాడ చచ్చిపోయాడో మర్చిపోయావా?"

ఆమె మర్చిపోలేదు. తొమ్మిదో క్లాసులో ఉండగా ఎదుటి పార్టీ గెలిచింది. అప్పుడు ఊరు వదిలింది రోహిణి వాళ్ళు. మాచర్లలో అద్దెకొంపలో, రేకుల కింద ఒక ఎండాకాలం గడిపారు. ఎప్పుడెప్పుడు ఊరికి పోదామా అని రోజూ అడిగేవాడు నాన్న. గుండె ఆగి ఆ రేకుల కిందే పోయాడు. శవాన్ని కూడా ఊళ్ళోకి రానీయలేదు.

"మర్చిపోలేదు" అంది.

"మరి? అప్పుడు మనల్ని ఎవరు తీసుకొచ్చారే ఎనక్కి? ఒక్కడన్నా వచ్చాడా?"

"ఎవరూ రాలేదు బాబాయ్. ఒక్కరు వచ్చి ఉంటే నాన్న బతికేవాడేమో."

కోటయ్య కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు. "నిన్ను నిలబెట్టింది నేను. గెలిపించింది నా మనుషులు. వాళ్ళ ముందు నా తల తీసెయ్యమాక" అని లేచి వెళ్ళిపోయాడు.

నాలుగు రోజుల తర్వాత ఆ కుటుంబాలు ట్రాక్టర్ల మీద నల్లకుంటపాడు చేరాయి. పోలీసులు, పేపరువాళ్ళు వచ్చారు, ఫొటోలు తీశారు, సాయంత్రానికి వెళ్ళిపోయారు. రోహిణి ఉండిపోయింది. వెంకటరమణమ్మ ఇంటి తలుపు విరిగి ఉంది. లోపల ఎవరివో మేకలు కట్టేసి ఉన్నాయి. ఇద్దరూ కలిసి ఇల్లు ఊడ్చారు. గన్‌మన్ పంచలో కుర్చీ వేసుకున్నాడు.

అది ఆమె పుట్టిన ఊరే. ప్రచారంలో ఇదే వీధిలో ఆడవాళ్ళు హారతులు పట్టి, చెయ్యి వదలకుండా ఇంటింటికీ తిప్పారు. ఇప్పుడు ఆమె వీధిలోకి వస్తే తలుపులు మూసుకుంటున్నాయి. పాలకేంద్రం దగ్గర కూర్చున్న బాబాయి మనుషులు ఆమెను చూసి లేవడం మానేశారు. తిరిగొచ్చిన వాళ్ళూ దగ్గరకు రాలేదు. ఆమె ఉంటేనే తమకు రక్షణ అని వాళ్ళకు తెలుసు. కాని ఆమె పలకరిస్తే ఒక మాట అని పక్కకు తప్పుకునేవాళ్ళు. పగలంతా హర్ష గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఒకసారి ఆమె మంచినీళ్ళు తెచ్చిస్తే గ్లాసు తీసుకుని, "నన్ను కొట్టినోళ్ళు నీ ఫొటో ఉన్న చొక్కాలు ఏసుకునుండారు" అన్నాడు. ఆ మాటలో కోపం కూడా లేదు.

పైనుంచి ఫోను వచ్చింది. పార్టీ జిల్లా బాధ్యతలు చూసే పెద్దమనిషి. "ఏందమ్మా ఇది? క్యాడర్ ఏమైపోవాల? వాళ్ళు రేపు నీకు ఓట్లేస్తారనుకుంటన్నావా?"

"వెయ్యరండీ."

"మరెందుకు?"

"వాళ్ళు మా ఊరోళ్ళు" అంది రోహిణి. అవతల ఫోను పెట్టేశారు.

శనగ విత్తే రోజు వచ్చింది. విత్తనాల గొర్రు తగిలించిన ట్రాక్టరు క్రోసూరు నుంచి తెప్పించుకోవలసి వచ్చింది. ఊళ్ళో ఎవరూ ఇవ్వలేదు. ట్రాక్టరు డొంకలోకి తిరిగేసరికి దారికి అడ్డంగా కోటయ్య మనుషులు నిలబడి ఉన్నారు. కర్రలు దాచుకోలేదు. అందరికంటే ముందు కోటయ్య, భుజాన తువ్వాలు వేసుకుని, చేతులు కట్టుకుని ఉన్నాడు.

డ్రైవరు ఇంజను ఆపేశాడు. వెనక వస్తున్న వాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. రోహిణి ట్రాక్టరు దాటి ముందుకొచ్చింది. గన్‌మన్ కదలబోతే చేత్తో ఆపింది. డొంకలో మొన్నటి వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి. చెప్పులు బురదలో దిగబడితే వదిలేసి నడిచింది. బాబాయికి ఒక బార దూరంలో ఆగింది.

"తప్పుకో బాబాయ్."

"తప్పుకోకపోతే?"

"ముందు నన్ను కొట్టాల మీవాళ్ళు."

కోటయ్య బురదలో దిగబడిన ఆమె ఉత్తి కాళ్ళ వైపు చూశాడు. చిన్నప్పుడు జ్వరం వస్తే ఆ కాళ్ళు పట్టింది ఆయనే. కోటయ్య ముఖం ఒక్కసారిగా ముసలిదైపోయినట్టు కనిపించింది. వెనక ఎవడో ఏదో అన్నాడు. ఆయన చటుక్కున తిరిగి, "ఒరేయ్, అడ్డం లెగండిరా!" అని గద్దించాడు.

వాళ్ళు ఒక్కొక్కరే గట్టు ఎక్కారు. చివరగా ఆయన పక్కకు జరిగాడు. ఆమె దాటుతుండగా, ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు:

"ఇంక నా గుమ్మం తొక్కమాక."

ఆ రోజు చీకటి పడేదాకా, ఆ తర్వాత ఇంకో రెండు రోజులూ విత్తి పొలాలన్నీ పూర్తిచేశారు. మొలక కనబడేదాకా ఉండి, ఇక గొడవ జరగదని నమ్మకం కలిగాక రోహిణి నరసరావుపేట వచ్చేసింది. బట్టలు, లా పుస్తకాలు బాబాయి ఇంటి నుంచి ఎవరో ఆటోలో పంపారు. స్టేషన్ రోడ్డులో మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుంది. కింద గది ఆఫీసు.

తర్వాత పెద్ద గొడవలేవీ జరగలేదు. ఆమెను పార్టీ నుంచి తీసెయ్యలేదు. నియోజకవర్గం పనులు మాత్రం కోటయ్యకు అప్పగించారు. శంకుస్థాపనలకు ఆమె పేరు శిలాఫలకం మీద ఉండేది. కబురు మాత్రం వచ్చేది కాదు. ఆఫీసర్లు ఆమె చెప్పింది మర్యాదగా విని, బాబాయిని అడిగి చేసేవాళ్ళు. పొద్దున్నే గుమ్మంలో నిలబడే జనం పలచబడ్డారు. కొన్నాళ్ళకు ఆమె కాఫీ ప్రశాంతంగా తాగుతోంది. ముస్కాన్ అప్పుడప్పుడూ వచ్చేది. కేసు సంగతి చెప్పి, వాచీ చూసుకుని లేచేది. ఆమెకు పెళ్ళి కుదిరింది. ఆ సంగతి రోహిణికి కోర్టులో వేరే వాళ్ళు చెప్పారు.

ఫిబ్రవరి చివర్లో ఒక ఉదయం వెంకటరమణమ్మ ఫోను చేసింది.

"అమ్మాయ్, శనగలు ఇంటికొచ్చినయ్యి. బాగా పండినయ్యి. మావోడు కర్ర లేకుండా నడుస్తన్నాడు."

"చానా సంతోషం పెద్దమ్మా."

ముసలామె గొంతు తగ్గించింది. "నిన్ను పిలిచి ఒక పూట అన్నం పెట్టాలని ఉందమ్మా. మావోళ్ళు పడనియ్యరు. ఆ పార్టీ ఎమ్మెల్యేని ఇంటికి పిలుస్తావా అంటన్నారు. ఏమీ అనుకోమాక."

"అనుకోను పెద్దమ్మా. మీరు బాగుండండి."

ఫోను పెట్టి ఆమె కిటికీ దగ్గర నిలబడింది. రోడ్డు మీద మిరపకాయల టిక్కీ బస్తాలతో లారీలు గుంటూరు యార్డుకు పోతున్నాయి. ఆ ఘాటుకు కళ్ళు మండాయి. కొంచెం ఏడ్చింది కూడా. తర్వాత ముఖం కడుక్కుని కిందికి దిగింది.

ఆఫీసులో ఒకే ఒక్క మనిషి కూర్చుని ఉన్నాడు. అచ్చంపేట దగ్గర నుంచి వచ్చిన రైతు, అలీ సాహెబ్. బోరుకు కరెంటు లైను కావాలి. ఆమె విద్యుత్తు ఏఈకి ఫోను చేసి మాట్లాడింది. చూస్తానన్నాడతను; అంతటితో వచ్చిన పని అయిపోయింది. అలీ సాహెబ్ లేవబోతే, "బోరు ఎప్పుడు వేశారు?" అని అడిగింది. చెప్పాడు. ఏం పంట అని అడిగింది, పిల్లలేం చేస్తున్నారని అడిగింది. ఆయన మొహమాటంగానే మొదలుపెట్టి, మెల్లగా కుర్చీలో వెనక్కి వాలాడు. చిన్న కూతురి చదువు, కృష్ణ పొంగినప్పుడు మునిగిన చేను, తప్పిపోయి మూడో రోజు దొరికిన గేదె సంగతి, అన్నీ చెప్పాడు. గేదె దగ్గర ఇద్దరూ నవ్వారు.

మధ్యాహ్నం దాకా అలా కూర్చోబెట్టింది. ఒక ఎమ్మెల్యేకు ఇంత తీరిక ఉంటుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఇంటికి వెళ్ళి భార్యతో ఆ మాటే చెప్పాడు.