నోటీసుకి జవాబు

బాలశౌరి ప్రెస్సులో కంపోజిటరు. ఇంగ్లీషు అక్షరాలు తప్పులేకుండా కూర్చగలడు గానీ, వాటి అర్థం తెలియదు. అందుకే లాయరు దగ్గర్నుంచి వచ్చిన రిజిస్టరు కవరు పట్టుకుని ప్రూఫులు దిద్దే బసవపున్నయ్యగారి బల్ల దగ్గరికి వెళ్ళాడు.

ఆయన చదివి కళ్ళద్దాలు తీశారు.

"నర్సింగ్ హోం వాళ్ళదయ్యా. మీ ఆవిడ ఆపరేషన్ తాలూకు నాలుగొందల ఇరవై బాకీ. పదిహేను రోజుల్లో కట్టకపోతే కోర్టుకెళ్తారట. కావాలనే ఎగ్గొడుతున్నావని రాశారు."

బాలశౌరి ముఖం మాడిపోయింది. పోయినేడు భార్య తెరేసమ్మకి అపెండిక్స్ పగిలింది. రిక్షాలో తీసుకెళ్ళేసరికి డాక్టరు ఛాయాదేవిగారు చల్లపల్లిలో తమ్ముడి పెళ్ళికని కారెక్కుతున్నారు. తెరేసమ్మని చూసి దిగిపోయారు. అడ్వాన్సు మాటే ఎత్తకుండా ఆపరేషన్ చేశారు. పెళ్ళి ముహూర్తం దాటిపోయింది.

తరవాత కాగితం కరువొచ్చి ప్రెస్సు రెండు నెలలు మూతపడింది. డబ్బు కట్టలేక, ముఖం చెల్లక, బాలశౌరి అటువైపు వెళ్ళడమే మానేశాడు.

"భయపడకు. కుట్లు చీముపట్టాయన్నావుగా? ఆపరేషన్ సరిగ్గా చెయ్యలేదని రాద్దాం. వాళ్ళే దిగొస్తారు" అన్నారు బసవపున్నయ్యగారు.

"చీముపట్టింది నిజమేనండీ. వద్దన్నా వినకుండా పదో రోజునే నీళ్ళబిందె ఎత్తింది మా ఆవిడ. అది డాక్టరమ్మ తప్పెట్టా అవుద్దండీ?"

"మరేం రాయమంటావు?"

"నేను చెప్తా, మీరు రాయండి. తెలుగులోనే."

ఆయన తెల్లకాగితం తీశారు.

"అయ్యా, మీ నోటీసు అందింది. బాకీ నిజం. ఎగ్గొట్టాలనుకున్నానన్నది మాత్రం నిజం కాదు. పని లేక కట్టలేకపోయాను. వచ్చి ఆ ముక్క చెప్పకపోవడం నా తప్పు. ఈ పొద్దున నా భార్య లేచి అన్నం వండి నన్ను పనికి పంపింది. అది డాక్టరమ్మగారు పెట్టిన భిక్ష. నెలకి ఇరవై కట్టగలను. ఆమెకి మా నమస్కారాలు చెప్పగలరు."

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక బాలశౌరి ఆ ఉత్తరం పట్టుకుని పటమట వెళ్ళాడు. నోటీసు పంపిన లాయరు రామకోటేశ్వరరావుగారు తమ ఇంటి వరండాలో కాగితాలు చూసుకుంటున్నారు. ఉత్తరం రెండుసార్లు చదివారు.

"ఏ లాయరుకి చూపించినా నిన్ను తిట్టేవాడు. బాకీ ఉందని నువ్వే ఒప్పేసుకున్నావు."

"ఉన్నదే కదండీ."

ఆయన నవ్వాపుకోలేకపోయారు. "కూర్చో" అని కుర్చీ చూపించి, లోపలికి వెళ్ళి ఫోన్ చేశారు. ఉత్తరం మొత్తం పైకి చదవడం బాలశౌరికి వినిపిస్తూనే ఉంది. కాసేపటికి ఆయన పిలిచి రిసీవరు చేతికిచ్చారు.

"తెరేసమ్మ ఎలా ఉంది?" ఛాయాదేవిగారి గొంతు.

"బాగుందండమ్మా. మీ దయ."

"నోటీసు సంగతి నాకు తెలీదయ్యా. లెక్కలు మా మేనేజరు చూస్తాడు. అది సరే, డబ్బు బాకీ ఉంటే మనిషిని చూపించడం మానేస్తారా? కుట్టు ఎలా మానిందో నేను చూడొద్దా? రేపు తీసుకురా."

మర్నాడు తెరేసమ్మ ఉతికిన మంగళగిరి చీర కట్టుకుని భర్త వెంట వెళ్ళింది. డాక్టరమ్మ మచ్చ మీద నొక్కి చూసి, "చక్కగా మానింది" అన్నారు. తెరేసమ్మ ఆమె చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"నాకు మళ్ళీ ఊపిరి పోశారమ్మగారూ. ఇన్నాళ్ళూ వచ్చి ఈ మాటన్నా చెప్పలేకపోయాం."

"ఇప్పుడు చెప్పావుగా" అని ఆవిడ బలం మందు చీటీ రాశారు.

లాయరుగారు నోటీసు ఖర్చు వద్దన్నారు. బాలశౌరి జీతమందిన మర్నాడల్లా వెళ్ళి ఇరవై కట్టాడు. ఒక్క నెలా తప్పలేదు. ఆఖరి రసీదు తీసుకున్న రోజున ఇద్దరూ గుణదల కొండెక్కి, మేరీమాత ముందు రెండు కొవ్వొత్తులు వెలిగించారు. ఒకటి తెరేసమ్మ ఆరోగ్యానికి, రెండోది డాక్టరమ్మ పేర.